నాలుగూ నల్లగా పడితే

మూడో తరగతిలో పొద్దుటి ప్రార్థన అయ్యాక
గచ్చు మీద చింతపిక్కలు అరగదీసే చప్పుడు.
ఒక వైపు తెల్లబడాలి, రెండో వైపు నల్లగానే ఉండాలి.
నాగుల్‌మీరా వేడెక్కిన పిక్కని
పక్కవాడి మోచేతికి చురుక్కున అంటించి
ఏమీ ఎరగనట్టు మళ్ళీ అరగదీస్తున్నాడు.
చూశాను. సైన్సు పీరియడుకి దాచుకున్నాను.

ఫిబ్రవరి చివర గుంటూరులో
మిర్చి యార్డు మీంచి గాలి తిరిగితే
హాజరు పిలవకముందే క్లాసంతా దగ్గుతుంది.
ముప్పై నాలుగు పేర్లు, ఇరవై ఆరు దగ్గులు.
తక్కినవాళ్ళు అమ్మల వెంట ముచ్చికలు తీయడానికి పోయారు.
ఆ తీసివేత రోజూ రిజిస్టర్లోనే ఉంటుంది,
బోర్డు మీద వెయ్యను.

బోర్డు మీద వేసిందల్లా వాళ్ళకి గోడే.
పదమూడులోంచి ఐదు పోతే ఎంతరా అంటే
కళ్ళు కిటికీ దూకి
టిక్కీలు మోసుకెళ్ళే ట్రాక్టరెక్కి పోయేవి.
అందుకని నేల మీద గీశాను,
అడ్డం ఐదు గళ్ళు, నిలువు ఐదు,
మధ్యలో పండే గడి.
ట్రైనింగులో నేర్పింది కాదు ఇది, మా మేనత్త నేర్పింది.
ఓడిపోతే అన్నం మానేసే రకం ఆవిడ.

కాయలు ఎవరివి వాళ్ళవే:
చొక్కా గుండీ, పెన్ను మూత, గాజుముక్క, ఎండిన ముచ్చిక.
"దాన్ని కొట్టాలంటే నాకు ఐదు కావాల,
మూడు పడింది, ఇంకో రెండు ఎప్పుడు పడుద్ది?"
ఇరవై దాటి లెక్కపెట్టని వెంకట కోటయ్య
అవతలివాడు ఒక్క గడి ఎక్కువ జరిపితే
మణికట్టు పట్టుకుని వెనక్కి లాగుతాడు.

బుధవారం ఎం.ఈ.ఓ. గారు గుమ్మంలో నిలబడి
"పాఠం ఎప్పుడమ్మా మొదలు?" అన్నారు.
అయిపోవస్తోంది సార్, అన్నాను.
పెన్ను తీశారు. రాయలేదు.
కాసేపటికి వంగి,
"ఆ గాజుముక్క ఇంట్లో ఉంది, కొట్టకూడదురా" అన్నారు.

అసలు సంగతి ఇదేమీ కాదు.
సువార్త వేసిన నాలుగు పిక్కలూ నల్లగా పడ్డాయి.
అష్ట! అని అరిచారంతా.
ఆ పిల్ల కాయ కదపలేదు.
"ఒక తెలుపుకి ఒకటి, రెండిటికి రెండు,
నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు.
ఒక్కటీ తెల్లగా లేకపోతే సున్నా గదా టీచర్,
ఎనిమిది ఎట్టా అయింది?"

ఇరవై ఒక్కేళ్ళ సర్వీసు నాది.
తెలీదమ్మా, అన్నాను.
ఆ మాట అనుకోవడం మొదటిసారి కాదు,
పిల్లలకి వినపడేలా అనడం మొదటిసారి.

నూరుసార్లు వేసి చూశాం. గోడ నిండా ఐదేసి గీతల కట్టలు.
అన్నం బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు, పప్పు చల్లారింది.
రెండు, ముప్పై ఎనిమిది సార్లు.
ఒకటి ఇరవై ఆరు, మూడు ఇరవై మూడు.
చెమ్మ ఏడు.
అష్ట ఆరు.
"తక్కువొచ్చే సరుక్కి రేటెక్కువ" అన్నాడు నాగుల్‌మీరా,
వాళ్ళ నాన్న యార్డులో కాటా గుమస్తా.
"చెమ్మా తక్కువేగా, మరి దానికి నాలుగేనా?" అంది సువార్త.
వాడు ఊరుకున్నాడు. నేనూ.

సున్నా చేసేద్దామని చేతులెత్తి ఓట్లేశారు.
ఒక రోజంతా ఆ లెక్కనే ఆడారు.
నల్లవి పడ్డవాళ్ళు ఉన్న గళ్ళోనే కూర్చున్నారు.

మర్నాడు సువార్తే లేచింది.
"ఎనిమిదే ఉంచుదాం టీచర్."
ఎందుకే?
"ఏమీ పడనోళ్ళు ఎక్కువ దూరం పోవాలిగా."

రేపు శనివారం, యార్డుకి సెలవు.
ఆ ఎనిమిది మందీ బడికొస్తారు, వాళ్ళకి పిక్కల్లేవు.
రాత్రి వంటింట్లో చింతపండు పిసికి
గింజలు ఏరుతున్నాను.
ముప్పై రెండు.
ఒకటి పుచ్చింది,
ముప్పై మూడు.